క్లిఫ్ వేలు పెట్టిన గడి

ఇంగ్లండులోని పాంటిఫ్రాక్ట్ ఊళ్ళో క్లిఫ్ బరాక్లో ఎవరని అడిగితే, రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి అని చెప్పేవాళ్ళు తక్కువ. ఓ, ఆ గుర్రాల కంప్యూటరాయనా అంటారు. అని ఊరుకోరు, ఒక చిన్న నవ్వు కూడా నవ్వుతారు.

రిటైరయ్యాక ఆయన గుర్రప్పందేల మార్కెట్‌లో ఖాతా తెరిచాడు. పాతకాలపు పందేల కొట్టు కాదది, మనుషులు మనుషులతోనే పందెం కాసుకునే చోటు, అంతా కంప్యూటర్ మీదే. ఒక్కొక్క పందెమూ చేత్తో కాయడం క్లిఫ్‌కి నామోషీ. అందుకని ఎక్సెల్ షీటు ఒకటి తయారుచేశాడు. ధరలు వచ్చి గళ్ళలో పడతాయి, సూత్రాలు లెక్క కడతాయి, లెక్క కుదిరిన గుర్రం ఎదురుగా గడిలో ‘కాయి’ అన్న మాట వస్తుంది. ఆ మాట చూసి ఇంకో ప్రోగ్రాము దానంతటదే పందెం కాసేస్తుంది. మనిషి ఉండక్కర్లేదు. కాసేది మాత్రం రెండేసి పౌండ్లు. ఇంతోటి భాగ్యానికి ఇంత హంగామానా అని మీరు మాత్రం అడక్కండి, అడిగినవాళ్ళని ఆయన సాయంత్రం దాకా వదల్లేదు.

భార్య డొరీన్ ఒక్కసారే అడిగింది. ఇది దానంతటదే నడవడం మొదలెట్టిన రోజున నిన్ను విట్బీ తీసుకెళ్తాను, మీ మ్యూరియల్ దగ్గర వారం ఉందాం అన్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయనకి షిఫ్టుల వల్ల కుదరక, సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెల్ని ఆమె ఒక్కతే వెళ్ళి చూసి వచ్చేది. ఇక మొగుడు ఖాళీ అయ్యాడు కదా అని సంబరపడేలోగా ఈ షీటు దాపురించింది. రెండు వేసవులు అలాగే గడిచిపోయాయి.

ఎందుకంటే షీటుకి ఒక జబ్బు. మధ్యాహ్నం మొదటి రెండు పరుగులూ బుద్ధిగా నడుస్తుంది. మూడోదానికి బిగుసుకుపోతుంది. ధర కదలదు, పందెం పడదు. క్లిఫ్ మొదట ఇంటర్నెట్ కంపెనీని తిట్టాడు. తరవాత పక్కింటివాళ్ళ కొత్త వాషింగ్ మెషిన్ని అనుమానించి, అది ఏ వేళప్పుడు తిరుగుతోందో గోడకి చెవి ఆనించి మరీ విన్నాడు. పాపం, ఆ పక్కింటావిడ ఇప్పటికీ ఆయన్ని అదోలా చూస్తుంది.

చివరికి నెవిల్‌కి ఫోన్ చేశాడు. ఒకప్పుడు గ్యాస్ మీటర్లు బాగుచేసిన నెవిల్, ఇప్పుడు బార్న్స్‌లీలో కూర్చుని ఇలాంటి షీట్లకి వైద్యం చేస్తుంటాడు. కంప్యూటర్లో గడియారం సరిగ్గా ఉందా, అయిపోయిన పరుగు తాలూకు మాటలు చెరిగాకే కొత్తది మొదలవుతోందా, కంప్యూటర్ గానీ నిద్రపోతోందా అని అన్నీ అడిగాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. షీటు తెప్పించుకుని తన ఇంట్లో నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి చెప్తే క్లిఫ్‌కి అలక వచ్చింది, కన్నపిల్ల పరాయింట్లో బుద్ధిగా ఉందని విన్నట్టు.

ఇంతలో క్లిఫ్‌కి పన్ను నొప్పి పట్టుకుంది. మధ్యాహ్నమంతా పళ్ళ డాక్టర్ దగ్గరే సరిపోయింది. బుగ్గ పట్టుకుని ఇంటికొచ్చి చూసేసరికి, షీటు ఆఖరి పరుగు దాకా ఆగకుండా నడిచి ఉంది. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. క్లిఫ్ మొహం మాడిపోయింది.

మర్నాడు నెవిల్ ఫోన్ పెట్టెయ్యకుండా, చేస్తున్నదల్లా చేస్తున్నట్టే పైకి చెప్పమన్నాడు. రెండు పరుగులు అయ్యాయి.

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"ఏం లేదు, టీ పెట్టుకుందామని లేస్తున్నా."

"లేచేముందు ఏం చేశావు?"

"సూత్రం సరిగ్గానే ఉందా అని గడి మీద రెండుసార్లు నొక్కి చూశా. అంతే."

అవతల నెవిల్ కడుపు చెక్కలయ్యేలా నవ్విన నవ్వు వంటింట్లో ఉన్న డొరీన్‌కి కూడా వినిపించింది. గడి తెరిచి వదిలేస్తే, మనిషి ఇంకా ఏదో రాస్తున్నాడు కాబోలని ఎక్సెల్ మర్యాదగా ఆగిపోతుందట. అంతసేపూ ప్రోగ్రాము చెప్పేది ఏదీ దాని చెవిన పడదు.

"జబ్బు షీటుకి కాదు నాయనా, నీ వేలికి," అన్నాడు నెవిల్.

డొరీన్ వెంటనే మ్యూరియల్‌కి ఫోన్ చేసి, శనివారం వస్తున్నాం, పక్కలు సర్దిపెట్టమంది. శనివారం మధ్యాహ్నం కోటు వేసుకుని వచ్చేసరికి మొగుడు ఇంకా షీటు ముందే ఉన్నాడు. ఇంకొక్క వారం పరీక్షగా చూస్తే మంచిదేమో అని గొణిగాడు.

ఆమె వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"క్లిఫ్, అది బాగయిందని నీకు సంతోషం లేదు. భయంగా ఉంది."

తాను పక్కన లేకపోతే ఏ రైలూ కదలని ఉద్యోగం చేసిన మనిషి ఆయన. తాను లేకపోయినా నడిచేదాన్ని తన చేతులతోనే తయారుచేసుకుని కూర్చున్నాడు.

"ఇదంతా దానంతటదే నడిచిపోతే, మరి నేనేం చెయ్యాలి డొరీన్?"

"నా పక్కన కూర్చోవాలి. అలవాటు లేని పనే, నేర్చుకుందువుగానిలే. రైళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగాను. గుర్రాలు వెళ్ళిపోయేదాకా ఆగాను. ఇంకా ఏవి వెళ్ళిపోయేదాకా ఆగమంటావు?"

క్లిఫ్ ఆమె మొహంలోకి చూశాడు. చాలా రోజులైంది అంత సేపు చూసి. తెర మీద మూడో పరుగు గుర్రాలు పరుగు మొదలయ్యే గేట్లలోకి వెళ్తున్నాయి. ఆయన లేచి, బీరువా మీదున్న ప్రయాణం పెట్టె దించడానికి మేడ మీదికి వెళ్ళాడు.