గడ్డకట్టని తేనె

కారంపూడి బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోంచి ఒక సీసా తీసి, వంచి చూశాడు. లోపల తారులాంటి నల్లటి తేనె నెమ్మదిగా జారింది.

అన్నీ తెలిసినట్టు మాట్లాడటం నాకో రోగం. "బెల్లంపాకం కలిపి అంటగట్టారు బాబాయ్," అన్నాను.

"కాదమ్మాయ్. ఇది పూల తేనె కాదు. పత్తికి పేనుబంక పట్టుద్ది చూడు, ఆ పురుగు ఆకుల మీద తియ్యటి జిగట కారుస్తది. తేనెటీగలు అది తాగి పెట్టిన తేనె ఇది. దగ్గుకి చానా మంచిదన్నారు. మా ఇంటిది దగ్గుతా ఉండేది. మందు కొడితే ఈగలు చస్తయ్యని ఆ ఏడు చేనుకి కొట్టలా. పత్తి మొత్తం పోయింది."

"మరి ఆమెకి తగ్గిందా?"

"రెండు చెంచాలు తాగింది. అంతే. పోయి మూడేళ్ళు."

ఆయన సీసాను మళ్ళీ వంచాడు.

"మామూలు తేనెలాగా గడ్డకడితే పారబోద్దామని చూస్తన్నా. ఇది అంత తేలిగ్గా కట్టదంట."

మాచర్ల బస్సు వచ్చింది. ఆయన సీసాను కండువాలో చుట్టుకుని ఎక్కాడు.

ఆ చలికాలం మా వంటింట్లో తేనె తెల్లగా గడ్డకట్టింది. కరగబెడదామని వేడినీళ్ళు పెట్టాను గాని, సీసాని అందులో ముంచటానికి చేతులు రాలేదు.