జానెడు మంచు మీద దారి

నేను ఫోర్క్‌లిఫ్ట్ నడిపే గోడౌన్ ఏప్రిల్‌లో మూతపడింది. ఇంకో పని వెతుక్కుంటుంటే, విక్టోరియా కొండల్లోని ఒక మంచు రిసార్ట్‌కు చలికాలం మూడు నెలలూ దారులు చదును చేసే మనిషి కావాలన్న ప్రకటన కనిపించింది. బండ్లు నడపడం వస్తే చాలు, మిగతాది నేర్పిస్తామన్నారు. క్లైడ్ నార్త్‌లోని మా ఇంటి నుంచి ఐదు గంటల ప్రయాణం.

మా ఆయనకు చెబితే నవ్వాడు. “ఫ్రిజ్‌లో చెయ్యి పెడితేనే నీకు జలుబు చేస్తాది. మంచులో పని చేస్తావా?”

“చేస్తా. మూడు నెలలు పాపను చూసుకుంటావా, ముందు అది చెప్పు.”

“చూసుకుంటాలే. నీకు పోవాలనుంది, ముఖంలోనే తెలుస్తాంది.”

మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఐప్యాడ్‌లోంచి తలెత్తకుండానే, “మమ్, కెన్ ఐ కమ్ టూ?” అంది.

నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. వాన కోసం ఆకాశం వంక చూడడం తెలుసుగానీ, మంచు కోసం చూడడం ఆ జూన్‌లో, ఇక్కడి చలికాలంలోనే మొదలైంది.

నాకు పని నేర్పినావిడకు అరవై దాటాయి. ఎండాకాలమంతా లోయలో ఆవుల్ని మేపుకుంటుంది, చలికాలం రాగానే కొండెక్కుతుంది. నేను ఆమెను బాస్ అని పిలిచేదాన్ని. కార్ పార్క్ నుంచి కొండమీది పాత చెక్క గుడిసె దాకా రెండు కిలోమీటర్ల దారి మా ఇద్దరి బాధ్యత. నడవలేని వాళ్లను మంచు మీద పోయే స్నోమొబైల్ ఎక్కించి ఆ దారినే తీసుకుపోయేదీ మేమే. మేం అదే బండి వెనక మంచమంత ఇనుప చట్రం కట్టి లాగేవాళ్లం. చట్రం కింది బ్లేడ్లు ఎగుడుదిగుళ్లను చెక్కుతాయి, వెనకున్న పలక మంచును అణిచి నున్నగా చేస్తుంది. బ్లేడ్లు ఎంత లోతుకు దిగాలో ఒక లివర్‌తో సరిచేసుకోవాలి.

ఆ ఏడు మంచు బాగా ఆలస్యమైంది. శనివారం దారి తెరవాలి. బుధవారానికి పడింది జానెడే. ఆ ఉదయం బాస్ గుడిసె వైపు చూసి రావడానికి వెళ్తూ, “బ్లేడ్లు పైనే ఉంచు. ఒట్టి పలకతో అణిస్తే చాలు,” అని చెప్పింది.

ఒక వంపు దగ్గర మంచు గడ్డలు గడ్డలుగా ఉంది. నాకది నచ్చలేదు. వేలెడంతే కదా అని బ్లేడ్లు దించాను. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి దారి నడుమ పొడుగాటి మట్టి చార, వేళ్లతో సహా లేచిన గడ్డి.

బండి ఆపి అక్కడే నిలబడ్డాను. బాస్ వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె వంగి, మట్టి కలిసిన మంచు గుప్పెడు తీసి నాకు చూపించింది.

“ఇది ఎండను పీల్చుకుంటుంది. మధ్యాహ్నానికి ఇక్కడ నేల తేలుతుంది,” అంది.

“చూడ్డానికి బాగుంటుందని దించాను.”

“తెలుసు. మొదటి ఏడాది నేను ఇంతకంటే పొడుగ్గా గీశాను.”

ఆమె అన్నట్టే పన్నెండయ్యేసరికి మంచు కరిగి రాళ్లు బయటపడ్డాయి. స్నోమొబైల్ ఇంజన్ చల్లబడేది కింద చక్రాల్లా తిరిగే బెల్టు ఎగజిమ్మే మంచుతోనే. వట్టి నేల మీద బండి వేడెక్కుతుంది, రాళ్లకు బెల్టు చిరుగుతుంది. దారి మూసేద్దామా, బాగు చేద్దామా అని బాస్ అడిగింది. బాగు చేద్దామన్నాను.

ఆ పూటా, గురువారమంతా అదే పని. చెట్ల నీడల్లో గాలి పోగేసిన మంచును పారలతో ప్లాస్టిక్ తొట్టికి ఎత్తి, ఈడ్చుకొచ్చి, ఆ చోట పోసి తొక్కాం. నా నడుము నాది కాకుండా పోయింది. మా నాన్న వేరుశనగ చేలో ఎడ్లతో గుంటక తోలుతూ, మన్ను పలచగా ఉన్నచోట దాని మీద మోపిన కాలు తీసేసేవాడు. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. గుంటక లోతుకు దిగకుండా అని ఆ రోజు పార పట్టుకున్నాక తెలిసొచ్చింది. బాస్‌కు ఆ సంగతి చెబితే, ఎడ్లు ఏ రంగువని అడిగింది.

సాయంత్రం పలకతో ఒక్కసారి అణిచి వదిలేశాం. శుక్రవారం దాన్ని ముట్టుకోనివ్వలేదు. “దాని మానాన దాన్ని గట్టిపడనివ్వు,” అంది.

శనివారం దారి తెరిచాం. మొదట వచ్చింది మా ఇంటి దగ్గరి క్రాన్‌బర్న్ నుంచి ఒక అంకుల్, ఆంటీ. ఆంటీ చేతిలో కర్ర. హెల్మెట్‌లో ఉన్న నన్ను చూసి, “ఈ పిల్లేనా అండీ నడిపేది? పడేస్తుందేమో,” అంది అంకుల్‌తో.

“పడెయ్యను ఆంటీ, గట్టిగా పట్టుకోండి.”

నా తెలుగు విని ఆంటీ ఎంత నవ్విందంటే, కర్ర అంకుల్ చేతికిచ్చి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. అంకుల్ బాస్ వెనక కూర్చున్నాడు. వంపు దగ్గర నేను వేగం తగ్గించాను. బండి చిన్న కుదుపు కూడా లేకుండా సాగిపోయింది. ఆంటీ మాత్రం నా భుజం వెనక నుంచి, మాది ఏ ఊరు, పిల్లలెంతమంది, ఇక్కడ వంట ఎవరు చేస్తారని అడుగుతూనే ఉంది.

గుడిసె ముందు ఆమె గ్లవ్స్ తీసి మంచులో వేళ్లు పెట్టింది. “రాళ్లుప్పులా ఉందేంటమ్మా. టీవీలో దూదిలా కనపడుద్ది,” అంది. అంకుల్ డబ్బా తెరిస్తే పులిహోర. బాస్ రెండుసార్లు పెట్టించుకుని, కరివేపాకు తినాలా తీసేయాలా అని నన్నడిగింది.

“ఇంకొంచెం మంచు పడ్డాక రావాల్సింది ఆంటీ,” అన్నాను.

“నాకిది చాల్లే. ఎక్కువుంటే కర్ర దిగబడేది,” అంది.

ఆదివారం తెల్లవారాక బాస్ మొదటిసారి దారి మొత్తం చదును చేయడానికి నన్ను ఒంటరిగా పంపింది. దారి గట్టిగా, నున్నగా ఉంది. సగం దూరం వెళ్లాక దారి మధ్యలో గుండ్రటి అడుగులు కనిపించాయి. రాత్రెప్పుడో ఒక వాంబాట్, చిన్న ఎలుగుబంటి లాంటి ఇక్కడి జంతువు, దారి తనకోసమే వేసినట్టు, నింపాదిగా నడిచిపోయింది. నేను బండి ఆపాను.

“ఏమైంది?” అని రేడియోలో బాస్ గొంతు.

“ఏం కాలేదు. వాంబాట్ అడుగులు. చెరపాలా?”

“మీదుగానే పో. రేపు మళ్లీ వేస్తుంది.”

బ్లేడ్లు పైనే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని, నిదానంగా ముందుకు పోనిచ్చాను.