నీడ చిలక మీదికి వచ్చే వేళ

కోవిడ్‌కి ముందు ఏడాది. మలేషియాలో, ఇపో ఊళ్ళో నా రంగుగాజు కిటికీల కొట్టు బాగా నడుస్తున్న రోజులు. రాసుకో తల్లీ, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పలస్వామి అనే పెద్దాయన వచ్చాడు. భార్య సూరమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందట, గదిలో కూర్చుని విసుక్కుంటోందట. ఆమెకు పొద్దుపోయేలా తూర్పు కిటికీకి నీడ గడియారం చెయ్యమన్నాడు.

పాలరంగు గాజు వేశాను. మామూలు గాజు మీద నీడ నిలవదు. బయటవైపు నోమన్, అంటే నీడ పడటానికి పెట్టే ఇత్తడి కడ్డీ, బిగించాను. పొద్దెక్కేకొద్దీ దాని నీడ ఒక్కో గీతే కిందికి దిగుతుంది, లోపల్నుంచి చూసినా బయట్నుంచి చూసినా. మన మలేషియా గడియారాలు సూర్యుడికంటే గంటకు పైగా ముందుంటాయి కదా, ఆ తేడా కూడా లెక్కలో వేశాను. ఇంతా చేసి, బయటి గోడల మీద నీడ గడియారాలు చేసే అలవాటులో, అంకెలు మాత్రం బయటివాళ్ళకి కనిపించేలా రాసేశాను!

కిటికీ బిగించాక సూరమ్మ తల అటూ ఇటూ వంచి చూసింది.

“ఏటప్పా ఇది? తొమ్మిది ఎనక్కి తిరిగి కూకుంది.”

“ముక్కలు తిప్పేస్తానమ్మా” అన్నాను.

బయట కుండీల దగ్గర్నుంచి అప్పలస్వామి, ఇక్కడి అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి, కేకేశాడు. “తిప్పితే నాకు తిరగబడతాయి లా! పొద్దున్నంతా ఈడుండేది నేను.”

“కిటికీ నాకా, నీకా మావా? ఊడదీసి పట్టుకెళ్ళిపో అప్పా!”

నెలరోజుల పని. బట్టీలో కాల్చిన రంగు, తుడిస్తే పోదు. ఏం చెయ్యాలో తోచక ఆయన్నే అడిగాను.

“ఎనిమిదింటికి ఏం చేస్తావన్నా?”

“తోసై తింటాను.” దోసెని ఇక్కడ అలాగే అంటారు.

“తొమ్మిదికి?”

“మొక్కలకి నీళ్ళు.”

“పదికి?”

“తే తారిక్.” అంటే నురగొచ్చేలా తిరగబోసిన పాల టీ.

“పదకొండుకి?”

“దీని సేత తిట్లు తింటాను!”

సూరమ్మ పడీపడీ నవ్వింది. “పన్నెండుకి నువ్వొండిన మాడుకూర నేను తింటన్నాను, అది సెప్పవేటి?”

అంకెల ముక్కలు అయిదూ ఊడదీశాను. కొత్త ముక్కల మీద బొమ్మలు వేసి కాల్చాను: తోసై, నీళ్ళ డబ్బా, టీ గ్లాసు, తిట్లకి నోరు తెరిచిన చిలక, కూరచట్టి. చిలకని ఎటునుంచి చూసినా చిలకే కదా.

మళ్ళీ బిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. బయట్నుంచి కేక.

“ఓలే, నీడ సిలక మీదకొచ్చీసింది! తిట్టవేటి?”

“నిన్న కూరలో ఉప్పెక్కడేసినావు మావా!”

అప్పట్నుంచి కొలత తీసేముందే అడుగుతాను: కిటికీకి ఇటు ఎవరుంటారు, అటు ఎవరుంటారు అని. జనం ముందు నవ్వుతారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి ఇంటి సంగతులన్నీ చెప్తారు.