ఒక గిన్నెలో ఇంకో గిన్నె

డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎలా పెట్టాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బొగ్గు వ్యాగన్ల మరమ్మతులో జుట్టు నెరిసినవాణ్ణి, ఏది ఎక్కడ ఇరుక్కుంటుందో చూడగానే తెలుస్తుంది. కంచాలు ఒకదానికొకటి అంటుకోకుండా, తిన్నవైపు నీళ్ళకి ఎదురుగా వాలి ఉండాలి. గిన్నెలు బోర్లించాలి, అదీ కాస్త ఏటవాలుగా, లేకపోతే అడుగుమీద నీళ్ళు నిలుస్తాయి. గరిటెలు పడుకోబెట్టాలి. నిలబెట్టారో, కిందికి జారి, నీళ్ళు చిమ్ముతూ తిరిగే రెక్కకి అడ్డం పడతాయి. సత్తు గిన్నెలు అసలు పెట్టకూడదు, నల్లబడిపోతాయి. ఇంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మరి ఇంత తెలిసినవాడి ఇంట్లో చాలాకాలం పాటు ఏ రోజూ గిన్నెలన్నీ శుభ్రంగా వచ్చిన పాపాన పోలేదు. కారణం మా మేనత్త.

మా నాన్నకి చెల్లెలు ఆమె. శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో పెళ్ళి చేస్తే మొగుడు ఇంకో మనిషిని ఇంటికి తెచ్చుకున్నాడు. నాన్న వెళ్ళి, ఆ ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడకుండా, చెల్లెల్ని రైలెక్కించి బిలాస్‌పూర్ తీసుకొచ్చేశాడు. అప్పుడు మేము రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నేను ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. వచ్చిన రోజే, ఎవరూ చెప్పకుండానే, పెరట్లో కుళాయి దగ్గర అంట్ల ముందు కూర్చుంది. పక్క క్వార్టర్ ఆవిడ గోడమీంచి తొంగిచూసి, ఎవరీమె అని హిందీలో అడిగింది. మొగుడి సంగతి కాలనీలో నలుగురి నోళ్ళలో పడకూడదని అమ్మ గబుక్కున, “కామ్ మే మదద్ కే లియే ఆయీ హై” అనేసింది. పనిలో సాయానికి వచ్చింది అని. అమ్మ ఆమె మంచికే అంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ బిలాస్‌పూర్‌లో అత్తకి అర్థమైన మొదటి హిందీ మాట అదే. ఈ సంగతి నేను ఉద్యోగంలో చేరాక అత్తే నాకు చెప్పింది, నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ మాటనే పట్టుకుని బతికింది. క్వార్టర్ ఖాళీచేసి ఊరి చివర మోప్కాలో ఇల్లు కట్టుకున్నాం, అమ్మా నాన్నా పోయారు, ఇంట్లోకి మా ఆవిడ వచ్చింది. ఏది మారినా కుళాయి దగ్గర పీట మాత్రం అత్తదే. పనిమనిషిని పెడతానని ఒకసారి నోరు జారితే రెండు పూటలు అన్నం మానేసింది. “తోమకపోతే నాకు ముద్ద దిగదురా” అనేది. చలికాలం వచ్చిందంటే ఆ బోరు నీళ్ళకి వేళ్ళు చీలి నెత్తురు వచ్చేది. డాక్టరు నీళ్ళలో చేతులు పెట్టొద్దన్నాడు. డాక్టరు మాట వినే మనిషైతే కదా. కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ అదే పీట.

ఆ వేళ్ళు చూడలేకే మా ఆవిడ డిష్‌వాషర్ తెప్పించింది. మా ఆవిడది గుంటూరు వైపు, ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. అమర్చిన మనుషులు వెళ్ళిపోయాక అత్త ఆ పెట్టె చుట్టూ తిరిగింది, తలుపు తెరిచి లోపలికి చూసింది.

“అచ్ఛా. సామాన్లన్నీ ఇదే కడిగేస్తాది. మరి నాను ఏటి సెయ్యాల?”

“హాయిగా కూకో అత్తా. ఇంకేటి సేస్తావు” అన్నాను.

“కూకోడానికేటి వచ్చాను ఈ ఇంటికి?”

నేను నవ్వబోయి ఆమె ముఖం చూశాను. మూట కట్టుకో అని ఎవరో చెప్పినట్టు ఉంది ఆ ముఖం. మా ఆవిడ నాకంటే చురుకు. “దీంట్లో సర్దే పని మీదే పిన్నిగారూ, నాకు బొత్తిగా చేతకాదు” అంది. అప్పటికి గండం గడిచింది.

ఇక మర్నాటినుంచి మొదలు. పొద్దున్నే తలుపు తెరిస్తే సగం గిన్నెలు పాచి ముఖంతో దర్శనం. ఒక గిన్నెలో ఇంకో గిన్నె దూరి, మధ్యలో పప్పు అట్టకట్టి ఉండేది. కంచాలు వీపులు ఆనించుకుని ఉండేవి. నేను పక్కన నిలబడి మళ్ళీ మళ్ళీ నేర్పాను. “అలగే నాయినా” అని బుద్ధిగా తలూపేది. మర్నాడు మళ్ళీ అదే భాగోతం. మురికి వదలనివాటిని రెండు చేతులనిండా పట్టుకుని పెరట్లోకి నడుస్తూ, “దీనికేటి, చేతులున్నాయా, కళ్ళున్నాయా” అనేది. పీట వేసుకుని కొబ్బరిపీచుతో తోముతుంటే ఆ ముఖంలో కళ చూడాలి.

నేను మెకానిక్‌ని పిలిచాను. సిర్గిట్టి వైపునుంచి ఎండలో స్కూటరేసుకుని వచ్చి, అన్నీ ఊడదీసి చూసి, “మషీన్ ఏక్‌దమ్ ఠీక్ హై సాబ్. భర్నే మే గల్తీ హై” అన్నాడు. నింపడంలోనే తప్పుందట. నాకా చెప్పేది? మా ఇంట్లో నింపడంలో తప్పేమిటని ఇంతెత్తున లేచాను. అతను నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇదంతా వింటూ అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక సెలవురోజు మధ్యాహ్నం, నేను నిద్రపోయాననుకుని అత్త వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. మంచినీళ్ళకి లేచి, గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కంచాలు నీళ్ళకి ఎదురుగా పెట్టింది. గిన్నెలు ఏటవాలుగా బోర్లించింది. గరిటెలు పడుకోబెట్టింది. నేను కూడా అంత పొందిగ్గా పెట్టలేను. అన్నీ అయ్యాక ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది. తర్వాత వంగి, చిన్న గిన్నె తీసి పెద్ద గిన్నెలో దూర్చింది. రెండు కంచాలు దగ్గరికి నొక్కింది. ఒక గరిటె తీసి, రెక్కకి తగిలేలా నిలబెట్టింది.

నాకు కోపం నషాళానికి అంటింది. మెకానిక్ ముందు నా పరువు గంగలో కలిపింది ఈవిడేనా అనిపించింది. నోరు కూడా తెరిచాను. అప్పుడు ఆమె తలుపు మూసి, కొంగుతో దాన్ని తుడిచి, మెల్లిగా అంది.

“ఏటనుకోకే అమ్మా. నాకూ పనుండాల గదా.”

మిషన్‌తో అంటోంది. నేను తెరిచిన నోరు మూసుకుని, మంచినీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చి పడుకున్నాను. నిద్ర ఎక్కడిది?

సాయంత్రం మా ఆవిడ బ్యాంకునుంచి రాగానే చెప్పాను. చెప్పులు విప్పుతూ, “మీకు ఇప్పుడు తెలిసిందా? నాకు మొదటి వారంలోనే తెలుసు. పిన్నిగారి జోలికి వెళ్ళకండి” అంది.

వెళ్ళలేదు. పైగా నాటకం మొదలుపెట్టాను. షెడ్‌లో నా నోటికి జడిసేవాళ్ళు చూస్తే నవ్విపోదురు. రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు ఆ తలుపు తెరిచి, “దండగమారి మిషను, దీన్ని తగలెయ్య, మళ్ళీ చెడగొట్టింది” అని ఇల్లంతా వినబడేలా తిట్టేవాణ్ణి. అత్త వచ్చి ఓదార్చేది. “పోనీలేరా. దాని పాణమెంత. నానున్నాను గదా.” ఆ మాట అన్నప్పుడు ఆమె వెన్ను కాస్త నిటారుగా అయ్యేది. రెండు చేతుల్లో పట్టినన్ని గిన్నెలే తోమడం వల్ల వేళ్ళు కూడా మానాయి. ముగ్గురం సుఖంగా ఉన్నాం, నిజంగా.

పోయిన వానాకాలంలో ఆమె కాళ్ళు పొంగాయి. పెరటి గుమ్మం దాటితే ఆయాసం వచ్చేది. గుండె నీరసించిందని, మందులతో నెట్టుకురావడమేనని డాక్టరు చెప్పాడు. గిన్నెల జోలికి పోవద్దని మేమిద్దరం అనలేదు, అనే ధైర్యం మాకు లేదు. కానీ మురికి వదలని గిన్నెలు తగ్గుతూ వచ్చాయి. రెండు చేతుల్లో పట్టేవి కాస్తా ఒక చేతిలో పట్టేవయ్యాయి. ఆ తర్వాత ఒక్క గిన్నె, ఒక్కో రోజు ఒక్క చెంచా. పొద్దున్నే తలుపు తెరవడం నాకు జ్వరం చూసినట్టు అయిపోయింది. ఆ ఒక్కటీ కనబడితే, అమ్మయ్య, ఇవాళ్టికి ఫరవాలేదు అనుకుని డ్యూటీకి పోయేవాణ్ణి.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున తలుపు తెరిచాను. అన్నీ తళతళలాడుతున్నాయి. పై అరలో చూశాను, కింది అర లాగి చూశాను. కంచాలు వాలి ఉన్నాయి, గిన్నెలు బోర్లించి ఉన్నాయి, గరిటెలు పడుకుని ఉన్నాయి. ఒక్క మెతుకు లేదు. ఆ శుభ్రం చూసి నాకు భయమేసింది.

ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. ఫ్రిజ్‌లోంచి పప్పు తీసి, కడిగిన గిన్నె ఒకదానికి లోపలంతా పూసి, అత్త మంచం దగ్గరికి పట్టుకెళ్ళాను.

“సూడత్తా, మళ్ళీ సెడగొట్టింది. మొండి మిషను.”

ఆమె గిన్నె అందుకుంది. బొటనవేలితో లోపల ఒకసారి రాసి చూసింది. మిషన్‌లో మిగిలిపోయిన పప్పైతే వేడికి ఎండి పెచ్చుకట్టాలి. ఇది తడిగా, చల్లగా ఉంది. అత్త నాకేసి చూసి నవ్వింది, చిన్నప్పుడు నేను అబద్ధమాడితే నవ్వినట్టే.

“ఇప్పుడే పూసినావు గదరా.”

పప్పంటిన వేళ్ళు వెనక్కి దాచుకున్నాను.

“రోజూ దాన్ని తిడతావు. నాకు తెల్దనుకున్నావేటి? ఈసారి అన్నీ సరిగ్గానే ఎట్టాను నాయినా. నాకింక ఓపిక లేదు.”

గిన్నె నా చేతిలో పెట్టేసింది. తడి వేలు కొంగుకి తుడుచుకుంది. అప్పుడు అడిగింది.

“ఇంక ఊరికే కూకోనా?”

నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి, మా అమ్మకీ నాన్నకీ ఆఖరి రోజుల్లో గంజి తాగించిన మనిషి, నా ఇంట్లో ఊరికే కూర్చోడానికి నన్ను అడుగుతోంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇది నీ ఇల్లు అత్తా అని చెప్పబోయాను.

నేను ఏడుస్తుంటే, కూర్చోకూడదేమో అనుకుందో ఏమో, భయంగా చూసింది.

“మీయమ్మ ఏటీ అనుకోదు గదా?”

“అనుకోదత్తా” అన్నాను. “ఏటీ అనుకోదు. కూకో.”

అప్పుడు గోడకి చేరగిలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఆ చలికాలం పూర్తిగా గడవకముందే పోయింది. ఆ కొద్ది రోజులే కూర్చుంది ఆమె ఈ ఇంట్లో.