వాంబాట్‌ను తెల్లగా చేసిన మనిషి

నెవిల్ ట్రెంబాత్ జుట్టుకు రంగు వేసుకునే రకం కాదు. వేసుకుందామన్నా నెత్తిన జుట్టు లేదు. అయినా బల్లరాట్ ఊళ్ళో ఆడవాళ్ళకు జుట్టు సింగారించే షాపులో అతనిది పాత ఖాతా. అతను తలుపు తోయగానే అక్కడి అమ్మాయి బ్లీచ్ క్రీము డబ్బాలు తీసి బల్ల మీద పెట్టేది. మొదట్లో పెళ్ళానికి కాబోలు అనుకుంది. తర్వాత అసలు సంగతి తెలిసింది. తెలిశాక ఆ ముసలాయనతో మాటలు తగ్గించింది.

ఆ క్రీము కంప్యూటర్లకు. నలభై ఏళ్ళనాటి కంప్యూటర్ల ప్లాస్టిక్ వెలుతురు తగిలి తగిలి పచ్చబడిపోతుంది. దానికి ఈ క్రీము పట్టించి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెడితే మళ్ళీ తెల్లబడుతుంది. చిక్కల్లా ఎండతోనే. బల్లరాట్‌లో ఎండ వస్తానన్న చుట్టంలాంటిది. అన్నం వండి కూర్చుంటే రాదు, పడుకున్నాక తలుపు కొడుతుంది. అందుకని నెవిల్ పెరట్లో కుర్చీ వేసుకుని, సూర్యుడు ఎటు జరిగితే అటు యంత్రాన్ని తిప్పుతూ కూర్చునేవాడు.

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావటయ్యా?" అని భార్య గ్లెనిస్ వంటింటి కిటికీలోంచి అడిగేది.

"నువ్వింకా పచ్చబడలేదుగా" అనేవాడు నెవిల్. అది పొగడ్త అనే అతని ఉద్దేశం.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ అతను ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునేవాడు. ఊళ్ళో మనుషులకన్నా కుక్కలే అతన్ని బాగా ఎరుగును. రిటైరయ్యాక గారేజీ నిండా కంప్యూటర్లు చేరాయి. కారు వానలో నిలబడింది, కంప్యూటర్లు కంబళ్ళు కప్పుకుని లోపల పడుకున్నాయి. కాకిపిల్ల కాకికి ముద్దు. అదేమని అడగడం గ్లెనిస్ ఎప్పుడో మానేసింది.

ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఇంకొందరున్నారు. వాళ్ళదొక సంఘం. ఏటా వసంతంలో స్కౌట్ల హాల్లో ప్రదర్శన పెడతారు. ఒక్కొక్కరూ ఒక బల్ల వేసుకుని, తమ యంత్రాలు పేర్చి, వెనక నిలబడి జనం కోసం చూస్తారు. జనం రారు. అప్పుడు ఎడమవైపు బల్లలవాళ్ళు కుడివైపు బల్లలకు వెళ్ళి చూసి వస్తారు, ఆ తర్వాత కుడివైపువాళ్ళు ఎడమవైపుకు వెళతారు. సాయంత్రానికి అందరూ కలిసి "ఈసారి జనం బాగా వచ్చారు" అని తీర్మానం చేస్తారు. అన్ని యంత్రాలూ వెలుగుతున్న వేళ గ్లెనిస్ టీ నీళ్ళ బాయిలరు స్విచ్చి వేస్తే హాలంతా చీకటి. తప్పు ప్రతిసారీ బాయిలరుదే.

సంఘానికి అధ్యక్షుడు కెల్విన్ ప్రౌస్. మనిషి పుల్లలా ఉంటాడు, నిబంధనలు మాత్రం దూలాల్లాంటివి పెడతాడు. బాగుచేసిన యంత్రాల్లో మేలైనదానికి ఇచ్చే బహుమతి బంగారు రంగు పూసిన జాయ్‌స్టిక్కు, అంటే కంప్యూటరు ఆటలాడే పిడి. అది వరుసగా కెల్విన్ ఇంటికే వెళుతోంది. ఎవడో మూడు చచ్చిన యంత్రాలు కలిపి ఒకటిగా కుట్టి పోటీకి తెచ్చాక అతనొక కొత్త నియమం తెచ్చాడు. యంత్రం ఎవరింటినుంచి వచ్చిందో ఆ ఇంటి మనిషి వచ్చి, అందరి ముందూ చూసి, "ఇది మాదే" అనాలి. అంటేనే బహుమతి. బాగుచేయకముందు తీసిన ఫొటోను సాక్షి చెప్పేదాకా కవరులోంచి తీయకూడదు.

"ముందే ఫొటో చూపిస్తే అది సాక్ష్యమవుతుందా, అప్పజెప్పిన పాఠమవుతుందా?" అన్నాడు కెల్విన్. మీటింగులో ఎవరూ నోరెత్తలేదు. లామింగ్టన్ కేకులు అప్పుడే వచ్చాయి మరి.

ఆ ఏడాది నెవిల్‌కు అదృష్టం పట్టింది. థెల్మా హాకింగ్ అనే పెద్దావిడ ఫోను చేసింది. భర్త లెస్ పోయి కొన్ని నెలలైంది. ఆయన వాడిన వాంబాట్ కంప్యూటరు ఇంట్లో ఉంది. వాంబాట్ ఇక్కడే తయారై, ఇక్కడే మూతబడిన చిన్న కంపెనీ యంత్రం. నెవిల్ దానికోసం సగం జీవితం నుంచీ కలలు కంటున్నాడు. అది కిటికీ పక్కన బల్ల మీద ఉంది. ముదురు పసుపులో మగ్గిపోయింది.

"దాన్ని పారెయ్యడానికి చేతులు రాలేదు నాయనా, ఉంచుకుందామంటే చూడలేను" అంది థెల్మా. "తీసుకుపో. ఒక్కటే అడుగుతున్నా. మీ ప్రదర్శనలో పెట్టినప్పుడు నేనొచ్చి ఒకసారి చూసుకుంటా. అంతే."

"చూసుకోవడమేంటమ్మా, దాన్ని పెళ్ళికూతుర్ని చేసి కూర్చోబెడతాను!"

"పెళ్ళికూతుర్నా? వద్దు నాయనా, అది ఎలా ఉందో అలాగే..." అని ఆవిడ అంటూనే ఉంది. నెవిల్ అప్పటికే కంబళి చుట్టి కారెక్కించేశాడు.

ఇంటికొచ్చాక ఫొటో తీసి, మూత పైభాగం చూసి నాలుక చప్పరించాడు. పచ్చటి ప్లాస్టిక్ మధ్యలో ఒక గుండ్రటి తెల్ల మచ్చ. అంచులు పువ్వు రేకుల్లా వంపులు తిరిగి ఉన్నాయి. "ఇదేం తెగులే బాబూ" అనుకున్నాడు. మచ్చ చుట్టూ ఉన్న పసుపునంతా దాని తెలుపుకు తేవాలంటే మామూలు పనా? ఎన్ని డబ్బాల క్రీము పోసినా ఎక్కడో అంచు గీతలా మిగిలేది. మళ్ళీ పూసి, మళ్ళీ ఎండకు తిప్పి, చివరికి ఆ మచ్చ ఆనవాలు కూడా లేకుండా చేశాడు. జీవితంలో అంత చక్కగా అతను ఏ పనీ చేయలేదు. నేనూ చూశాను, అబద్ధమెందుకు, అది పాలమీగడలా మెరిసింది.

ప్రదర్శన రోజున థెల్మా బస్సు దిగి, చేతిసంచి ఛాతీకి అదుముకుని హాల్లోకి వచ్చింది. గుమ్మంలో సాసేజీలు కాలుస్తున్నవాడు రొట్టెలో ఒకటి పెట్టి ఇవ్వబోతే తర్వాత తింటానంది. నేరుగా బల్లల మధ్యనుంచి ఒక్కొక్క యంత్రమే చూసుకుంటూ నడిచింది. నెవిల్ బల్ల దాటింది. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి మళ్ళీ దాటింది.

"థెల్మా గారూ, ఇక్కడ!" అని పిలిచాడు నెవిల్.

"ఓ, నువ్వా! మా ఆయనది ఎక్కడ పెట్టావు నాయనా?"

నెవిల్ నవ్వుతూ చెయ్యి చాపి వాంబాట్‌ను చూపించాడు. కెల్విన్ కాగితాలు పట్టుకుని అప్పటికే బల్ల ముందుకొచ్చాడు. వెనకే సంఘమంతా చేరింది.

"చెప్పండమ్మా. ఇది మీ ఆయనదేనా?"

థెల్మా కళ్ళద్దాలు సర్దుకుంది. సంచి తెరిచి, ఊలుతో అల్లిన గుండ్రటి గుడ్డ ఒకటి తీసింది. దాని అంచులు పువ్వు రేకుల్లా ఉన్నాయి. దాన్ని వాంబాట్ మీద పెట్టబోయి ఆగింది. ఇటు జరిపి చూసింది, అటు జరిపి చూసింది. పెట్టడానికి చోటు దొరకనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"కాదు బాబూ. ఇది మాది కాదు."

కెల్విన్ మొహం దీపావళి అయింది. నెవిల్ మొహాన నెత్తురు చుక్క లేదు. "అదేంటమ్మా! మూత తీసి చూపిస్తా, లోపల లెస్ గారు అతికిన తీగలు..."

"లోపల ఏముందో నాకేం తెలుసు నాయనా? నేనెప్పుడూ పైనే కదా చూసింది."

నెవిల్ నియమమూ గియమమూ అనలేదు. కవరు చింపి ఫొటో ఆవిడ చేతిలో పెట్టాడు. కెల్విన్ "ఒరేయ్ ఆగరా, అది కుదరదు" అంటూనే ఉన్నాడు.

ఫొటో చూడగానే థెల్మా మొహం మారింది. "ఇదిగో! ఇదే మాది!" అని ఆ తెల్ల మచ్చ మీద వేలు పెట్టింది. "పెళ్ళైన కొత్తలో ఈ గుడ్డ నేనే అల్లాను. ఆయన పలక్కుండా ఆ యంత్రం ముందు కూర్చునేవాడు. నేను టీ తెచ్చి దీని మీద పెట్టేదాన్ని. మొహం తిప్పేవాడు కాదు, చెయ్యి మాత్రం వచ్చి తీసుకునేది. ఆయన పోయేదాకా గుడ్డ అక్కడినుంచి కదిలింది లేదు."

బాయిలరు కుతకుతలాడుతోంది, ఆ రోజు ఎందుకో ఫ్యూజు కూడా పోలేదు. కెల్విన్ గొంతు సవరించుకుని కాగితం తిరగేశాడు. "సాక్షి యంత్రాన్ని గుర్తుపట్టింది. ఫొటోలోనా, బయటా అని నియమంలో లేదు. పూర్తి మార్కులు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పసుపుదాన్ని గుర్తుపట్టినందుకు తెల్లదానికి బహుమతి వచ్చింది.

"బాగా శుభ్రం చేశావు నాయనా" అంది థెల్మా. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నెవిల్‌కు కాస్త తేలికయ్యేది. "ఈ ఫొటో నేనుంచుకోనా?"

"ఉంచుకోండి" అన్నాడు నెవిల్. "ఆ గుడ్డ... నాకిస్తారా?"

ఆవిడ గుడ్డను ఒకసారి మడిచి, మళ్ళీ విప్పి, అతనికిచ్చింది. ఫొటోను సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయింది. సాసేజీ సంగతి ఆవిడా, కాల్చేవాడూ ఇద్దరూ మర్చిపోయారు.

మర్నాడు ఎండ కాసింది. నెవిల్ వాంబాట్‌ను ముందుగది కిటికీలో పెట్టాడు. మూత మధ్యన గుడ్డ పరిచాడు. కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. గ్లెనిస్ బంగారు జాయ్‌స్టిక్కుకు గిన్నెలు తుడిచే గుడ్డ తగిలించి, టీ పట్టుకుని వచ్చింది.

"మళ్ళీ ఏం మొదలెట్టావయ్యా? తెల్లగానే ఉందిగా."

"పచ్చబరుస్తున్నా."

గ్లెనిస్ అతన్నీ, యంత్రాన్నీ మార్చి మార్చి చూసింది. "దానికెన్నాళ్ళు పడుతుంది?"

"లెస్‌కి నలభై ఏళ్ళు పట్టింది."

"నీకు డెబ్బై మూడు, గుర్తుందా?"

"అందుకే ఇవాళే మొదలుపెట్టా" అన్నాడు నెవిల్. "ఆ టీ దాని మీద పెట్టు."