ఓసోమా తాత బొమ్మల ఆకలి

రాతిబొమ్మల పొట్టలో ఆకలి ఓసోమా తాతకు నిజంగానే వినబడేదా? చిత్రాలతో రాసిన పుస్తకాలు చదవడం మా నాన్న నాకు నేర్పాడు. కళ్ళు మసకబారేదాకా చదివాను. ఎందులోనూ దీనికి జవాబు దొరకలేదు.

మా షోచిమిల్కో ఊరి కాలవల వెంట శిల్పులు చాలామందే ఉండేవారు. బొమ్మ చెక్కి, ఇసుకతో నున్నగా రుద్ది, ఇచ్చి వెళ్ళిపోయేవారు. ఓసోమా తాత మాత్రం బొమ్మను ఇంట్లో దించాక దాని పొట్టకు చెవి ఆనించి, అది ఎంత తింటుందో తేల్చందే కదిలేవాడు కాదు. పెళ్ళికూతురిని దింపడానికొచ్చిన మేనమామలా చాప మీద బైఠాయించి, దాని తిండీ తిప్పల గురించి అప్పగింతలు పెట్టేవాడు.

గుడి మెట్ల మీద జెండా పట్టుకు కూర్చునే బొమ్మకు పొద్దున్నే కారం వేసిన కోకో పడాలన్నాడు, లేకపోతే చేయి వాలుతుందట. పాపం, పూజారి కలిపి తెచ్చాడు. బొమ్మ తరఫున తాతే రుచి చూశాడు. ఆ రుచి చూడటం గిన్నె అడుగు కనబడేదాకా సాగింది.

మా పక్కింటి తేయాకప ఒక వర్తకుడి భార్య. ఆమె వానదేవుడి బొమ్మ చేయించుకుంది. తాత చెవి ఆనించి, ఈయనకు పండగ పండక్కీ ఐదు బుట్టల తిండి కావాలన్నాడు.

"జానెడు లేడు, ఐదు బుట్టలా తాతా?"

"పొట్టివాళ్ళే ఎక్కువ తింటారమ్మా. మీ అత్తగారు లేరూ?"

అత్తగారు లోపలే ఉన్నారు. తేయాకప నవ్వు ఆపుకోలేక ఐదు బుట్టలకూ ఒప్పేసుకుంది. ఆకలి బొమ్మ పొట్టలో కాదు, తాత పొట్టలోనే ఉందని వాడంతా చెప్పుకునేవారు.

ఒక ఏడు మంచు కురిసి పైరు మాడిపోయింది. నా భర్త సైన్యానికి మూటలు మోయడానికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ. ఇంతలో పండగ వచ్చింది. ఇంటింటా మొక్కజొన్న తల్లి బొమ్మకు కాగితపు బట్టలు కట్టి, ముందు నిండు బుట్ట పెట్టాలి. ఆడపిల్లలు విత్తనపు పొత్తులను గుడికి మోసుకెళ్ళి, దీవెన పట్టించి తెచ్చాక నాటాలి. నా దగ్గర మిగిలినవి ఆ విత్తనపు పొత్తులే. తల్లి ముందు ఖాళీ బుట్ట పెట్టే ధైర్యం లేక, వాటినే ఒలిచి ఉడకబెడదామని పొట్టు ఊడేలా గింజలుడికించే సున్నపు నీళ్ళ కుండ పొయ్యి మీద పెట్టాను. సున్నం తగిలిన గింజ ఇక మొలవదు.

పండగకు, మా ఇంటి తల్లితో సహా తను చెక్కిన బొమ్మలన్నిటినీ ఒకసారి చూసి వెళ్ళడం తాతకు అలవాటు. అప్పుడే లోపలికొచ్చాడు. కుండ వైపు చూశాడు, నా ఒళ్ళోని పొత్తుల వైపు చూశాడు. తల్లి పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"షోకో, ఈమె ఈ ఏడు ఏమీ తినదే."

"నిరుడు తిన్నది కదా తాతా."

"మంచుకు పొట్ట చెడింది. కాసిని నీళ్ళు, ఒక పువ్వు, చాలు. గింజ వాసన తగిలితే డోకొస్తుందట. ఆ పొత్తులు అవతల పెట్టు."

నిప్పు కోసం వచ్చిన తేయాకప గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మా వానదేవుడి పొట్ట మాత్రం ఎన్నడూ చెడదేమని నిలదీసింది. తాత ఆమె ఇంటికి నడిచి, అక్కడ చెవి ఆనించి తిరిగొచ్చాడు.

"మీవాడికి ఒంటరిగా ముద్ద దిగడం లేదట. ఈమె ఎదురుగా కూర్చుంటే తింటాడట. బుట్టలు ఇక్కడికి పట్రా."

"ఈమె తినదన్నావుగా?"

"ఆమె తినదు. ఇంట్లో పిల్లలు తినకూడదని ఆమె అనలేదు."

తేయాకప నన్ను చూసింది, పొయ్యి మీది కుండను చూసింది. ఇంటికి వెళ్ళి, ఐదు బుట్టలూ మోయించి, చంకలో వానదేవుణ్ణి పెట్టుకుని వచ్చింది. ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలీలు, చిక్కుడు గింజలు, అన్నిటికంటే పైన, ఆచారం ప్రకారం, మొహానికి నీలం పూసి పావడా కట్టిన వేయించిన కప్ప.

మా పొత్తులు గుడికి వెళ్ళొచ్చి మడిలో పడ్డాయి. నా భర్త తిరిగొచ్చేసరికి మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. ఆ గింజల సంతతే నేటికీ మా ఇంటి రొట్టె. తుంచిన ప్రతిసారీ ఓసోమా తాతను తలచుకుంటాను.

ఆ పండగ పూట సున్నపు నీళ్ళు పెరట్లో పారబోసి, తాతకు దణ్ణం పెడదామని లోపలికి వచ్చాను. తాత లేడు. ఆయన పడవ అప్పటికే తుంగపొదలు దాటిపోయింది. పై బుట్టలో కప్ప పావడా మాత్రం మిగిలింది.