చెక్క మీద ఆరిన్ చేప

ఆర్డిస్ ఎరల కొట్టులో ఒక గోడంతా చెక్కలే. ఏటా జూన్ నెలలో సైలస్ సరస్సులో దొరికిన అన్నిటికన్నా పెద్ద బ్లూగిల్ చేపను చెక్క మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, లోపల పట్టినవాడి పేరు రాస్తారు. ఆమె తండ్రి మొదలుపెట్టిన ఆచారం. మొదటి చెక్క మీద చేప భోజనం పళ్ళెమంత ఉంటుంది. లోపల ‘ఆరిన్ బ్రూన్, 1968’ అని ఉంటుంది. ఆరిన్ ఆమె అన్న. అక్కణ్ణుంచి గోడ వెంట నడుస్తూ పోతే చేప చిక్కిపోతూ వస్తుంది. చివరి చెక్క మీదది బిస్కెట్ కన్నా కాస్త పెద్దది, అంతే.

“ఇది చేపా, తపాలా బిళ్ళా?” అని ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. ఆర్డిస్ నవ్వదు. ఆ చిక్కిపోవడంలో తన ముక్కుకు వాటా ఉందని ఆమెకు తెలుసు.

ముక్కే. బ్లూగిల్ గుడ్లు పెట్టే రోజుల్లో ఆ చోట నీళ్ళ మీద అప్పుడే కోసిన కర్బూజా వాసన వస్తుంది. అందరికీ అందదు. ఆర్డిస్‌కు పడవలో కూర్చుంటే చాలు, పావు మైలు నుంచి అందేది. ముప్పయ్యేళ్ళ వయసులో సరస్సు పటం చేత్తో గీసి, వాసన వచ్చిన చోటల్లా ఇంటూ గుర్తు పెట్టి, వానపాముల డబ్బా కొన్న ప్రతివాడికీ ఒక కాపీ ఊరికే ఇచ్చింది. నలభయ్యేళ్ళు ఇచ్చింది. జనం ఆ గుర్తుల మీదికి వెళ్ళి, పెద్దవాటిని బకెట్లో వేసుకుని చిన్నవాటిని నీళ్ళలో వదిలేసేవారు. చిన్నవాటి జోలికి పోవడం లేదు కదా, మనంత బుద్ధిమంతులు లేరనుకునేవారు. ఆర్డిస్ కూడా అదే అనుకుంది.

మూడేళ్ళ కిందట చేపల శాఖ నుంచి ఒక అమ్మాయి వలలు తీసుకుని వచ్చింది. సరస్సులో పని అయ్యాక కొట్టులోకి వచ్చి, గోడ ముందు చాలాసేపు నిలబడింది.

“గూడుకి కాపలా కాసేది మగ చేపండీ,” అంది. “ఉన్నవాటిలో పెద్దదే కాస్తుంది. గుడ్ల మీంచి కదలదు. ముందుకేం వచ్చినా కొరుకుతుంది. గాలం వచ్చినా అంతే. దాన్ని మీరు పట్టుకుపోతే...”

“చిన్నవి పెరుగుతాయి కదమ్మా?”

“పెరగవండీ. పైన పెద్దవాడు ఉన్నన్నాళ్ళే చిన్నది ఇంకా పెరగాలని చూస్తుంది. వాడు లేడనుకోండి, అరచేతిలో సగం ఉండగానే సొంత గూడు పెట్టేస్తుంది. గూడు పెట్టాక ఇక పెరగడం ఏముంది? తిన్నదంతా కాపలాకే సరి.”

ఆ రోజే ఆర్డిస్ మిగిలిన పటాలన్నీ పొయ్యిలో వేసింది. “ఏం ఆర్డిస్, ముక్కుకి జలుబు చేసిందా?” అని అడిగేవాళ్ళు. “చేసింది” అనేది. అప్పటికే ఆ పటాలు ఊళ్ళో ప్రతి ఇంటి ఫ్రిజ్ తలుపు మీదా ఉన్నాయి.

ఈ జూన్‌లో, ఎర చేపల బుట్టలు తీయడానికి కొట్టుకు దగ్గరలోనే ఉన్న ఉత్తరపు మూలకు పడవ వేసుకుని వెళ్తే, మునిగిన దుంగల వెనక ఆ వాసన తగిలింది. పటంలో ఆ చోటు లేదు. వంగి చూసింది. అడుగున ఇసుకలో, పళ్ళేలు పెట్టి ఒత్తినట్టు పదకొండు గూళ్ళ గుంటలు. ఒక్కో గుంట మీద రాగిరంగు రొమ్ముతో ఒక్కో మగ చేప. పాత చెక్కల మీదున్నంత. ఆర్డిస్ తెడ్డు వేయలేదు. పడవను గాలికి వదిలేసి మెల్లగా వెనక్కి వచ్చింది. సరస్సు మొత్తం మీద మిగిలినవి ఈ పదకొండే కావచ్చు. ఎవరికీ చెప్పకూడదనుకుంది.

ఆరిన్‌కు చెప్పనక్కర్లేకపోయింది. కొట్టు వెనక గదిలో మంచం మీద ఉంటాడు, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో. ఈసారి మంచు పడేదాకా ఉండడని డాక్టరు చెప్పేశాడు.

“ఎక్కడే?” అన్నాడు.

“ఏది ఎక్కడ?”

“నాటకాలాడకు. పొద్దుట్నుంచీ ఈల వేస్తున్నావు. గూళ్ళు దొరికితే తప్ప నువ్వు ఈల వెయ్యవు.”

“నోరు మూసుకుని గాలి పీల్చు.”

“అదేగా చేస్తున్నా. ఆర్డీ, ఒక్క పళ్ళెం. పెద్ద చేప, వెన్నలో వేయించింది. ఈ చిన్నవాటిలో ముళ్ళు ఏరుకుంటూ చావడం నా వల్ల కాదు.”

మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు అతన్ని పడవలో కూర్చోబెట్టి, సిలిండర్ మోకాళ్ళ మధ్య పెట్టింది. “ఒక్కటే. చెక్క మీద గీయడం లేదు. గీస్తే వారంలో ఆ మూలంతా పడవలే.”

“సరేలేవే, ఒక్కటే.”

గాలం నీళ్ళలో పడీ పడగానే కొరికింది. కొరక్కేం చేస్తుంది? ఆరిన్ దాన్ని పైకెత్తి, నవ్వబోయి దగ్గాడు. ఆర్డిస్ చేపను చూడలేదు, గుంటను చూసింది. నిమిషం తిరక్కుండా చిన్న చేపలు గుంపుగా దిగి గుడ్లు తినడం మొదలుపెట్టాయి. ఆమె పడవ తిప్పేసింది.

కొట్టులో ఆరిన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, పెనం పొయ్యి మీద పెట్టి, బంగాళాదుంపల తొక్కు తీసి వచ్చింది. వచ్చేసరికి చేప బల్ల మీద తడిగా ఉంది. దాని పక్కన ఈ ఏటి చెక్క. ఖాళీగా లేదు. వణికే గీత, దగ్గు వచ్చిన చోటల్లా తెగిపోయి, మళ్ళీ అందుకుని, తోకదాకా. లోపల కిందికి జారిపోతున్న అక్షరాల్లో ‘ఆరిన్ బ్రూన్’.

“తుడిచెయ్,” అన్నాడు ఆరిన్, ఆమె ముఖం చూడకుండా. “పెన్సిలేగా.”

ఆర్డిస్ గుడ్డ తడిపింది. బయట కంకర మీద ఎవరిదో ట్రక్కు వచ్చి ఆగింది. ఒక్క తుడుపు చాలు. గుడ్డలోంచి నీళ్ళు ఆమె చెప్పుల మీద కారుతున్నాయి. ఆ గీతను చూసింది. యాభై ఏడేళ్ళ తర్వాత మళ్ళీ అతని పేరు. ట్రక్కు తలుపు మూసిన చప్పుడైంది.

“చేప ఇలా ఇవ్వు,” అంది. “పెనం కాగింది.”

వచ్చినవాడు వెండెల్, ఆమె పటంతోనే పెరిగినవాడు. చెక్క చూశాడు, ఆర్డిస్‌ను చూశాడు. “జలుబు తగ్గినట్టుందే,” అన్నాడు. ఇంకేం అడగలేదు. వానపాములు రెండు డబ్బాలు తీసుకున్నాడు. అడగాల్సిన పనేముంది? మంచం దిగలేనివాణ్ణి ముసలామె ఎంత దూరం తీసుకుపోగలదు? ఆ లెక్క ఊళ్ళో అందరూ వేసుకున్నారు. శనివారం ఉత్తరపు మూలలో పద్నాలుగు పడవలు. ఆదివారం ఆమె చూడ్డానికే వెళ్ళలేదు.

పది రోజుల తర్వాత వెళ్ళింది. గుంటల్లో బురద పేరుకుంది. వాటి మీద వేలెడు చేపలు పెద్దమనుషుల్లా తిరుగుతున్నాయి. నీళ్ళ మీద పెట్రోలు వాసన తప్ప ఇంకేం లేదు.

సాయంత్రం ఆరిన్ కళ్ళు తెరిచాడు. “నా చేప గురించి ఎవరైనా అడిగారా?”

“అందరూ అడిగారు.”

“ఏమన్నారు?”

“అరవై ఎనిమిదిలో పట్టినంత ఉందన్నారు.”

ఆరిన్ చాలాసేపు నవ్వుకున్నాడు, దగ్గు రాకుండా జాగ్రత్తగా. “అంత లేదే. అర అంగుళం తక్కువ. పెన్సిల్ కాస్త బయటికి పట్టుకుని గీశా.”

ఆర్డిస్ అతని దుప్పటి సర్ది, సరస్సు వైపు కిటికీ మూసేసింది.